మూడు వేళ్ళు దించిన కారు

కిందటేడు నాటికి మా నాయన ఏడాదిన్నరగా గడప దాటలేదు. నడవలేక కాదు. గోడ పట్టుకుని, కర్ర ఆనించుకుని ఇల్లంతా తిరుగుతాడు. కానీ వీధిలోకి వచ్చాక ఎక్కడికి పోవాలన్నా ఏదో ఒక బండి ఎక్కాలి కదా, ఆ ఎక్కడమే ఆయన చేత కాదు. ధర్మవరంలో నలభై ఏళ్ళు గుంట మగ్గం నేసిన మనిషి. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కింద చెక్కలు తొక్కి తొక్కి మోకాళ్ళు రెండూ అరగదీసుకున్నాడు. ఆపరేషన్ చేయిద్దామంటే డాక్టరు ముందు గుండె సంగతి చూడమన్నాడు. గుండె సంగతి చూసినాయన ఆపరేషన్ మాట మరిచిపొమ్మన్నాడు. ఇప్పుడు ఆయన కాలు నేల మీంచి జానెడు ఎత్తు కూడా లేవదు.

నేను ఆయనకు ఒక్కడే కొడుకును. మగ్గం గుంటలోకి దిగనని పదహారేళ్ళప్పుడే మొండికేసి మెకానిక్ షెడ్డులో చేరాను. ఇప్పుడు ఊరి బయట నాకే ఒక షెడ్డు ఉంది. కార్లకు సస్పెన్షన్ పని చేస్తాను. అంటే చక్రానికీ బండికీ మధ్య ఉండే స్ప్రింగులు, షాకబ్జార్లు, వాటిని పట్టి ఉంచే రబ్బరు బుష్షులు, ఇవే నా లోకం. ఈ పనిలో నాకు కాస్త పొగరుంది, దాచుకోను. ఇంకొకడు బిగించిన నట్టును నా చేత్తో మళ్ళీ బిగించి చూస్తే గాని నిద్ర పట్టదు. మా నాయన మాత్రం దీన్ని ఒక పనిగా ఏనాడూ ఒప్పుకోలేదు. "బండి కింద పండుకునే పని" అంటాడు, అదేదో సోమరితనం అన్నట్టు.

కిందటేడు వానలు పోయాక మా చెల్లెలి ఇంటినుంచి ఫోను వచ్చింది. ఆమెను ముదిగుబ్బ పక్క పల్లెలో ఇచ్చాం. వాళ్ళ చేనిలో నాలుగు బోర్లు వేసి, నాలుగూ దుమ్ము కక్కాక, ఐదోదానిలో నీళ్ళు పడ్డాయట. నాయన ఫోను చెవికి గట్టిగా ఆనించుకుని ఒకటే ప్రశ్న అడిగాడు.

"ఎన్నించులమ్మా?"

"రెండించులు పోస్తాంది నాయనా. ఆపకుండా పోస్తాంది."

మా తాత బావి తవ్వించి, నీళ్ళు పడక, చేను అమ్ముకుని మగ్గం గుంటలో కూర్చున్న మనిషి. మా ఇంట్లో నేత మొదలైందే నీళ్ళు లేక. మా నాయన పుట్టి బుద్ధెరిగాక మా వంశంలో ఎవరి చేనిలోనూ నీళ్ళు చూడలేదు. ఫోను నాకిచ్చి, "నేను పోయి ఆ నీళ్ళు చూడాలప్పా" అన్నాడు. ఏడాదిన్నరలో ఆయన ఏదైనా కావాలని అడగడం అదే మొదలు.

మర్నాడే కారు ఇంటి ముందు పెట్టాను. నాది పాత కారు, కాస్త ఎత్తుగా ఉండే రకం. నేనూ, ఎదురింటి అతనూ కలిసి ఆయన్ని చంకల కింద పట్టి లేపి సీట్లోకి చేర్చబోయాం. ఆయన సగంలో కర్రతో బండిని కొట్టాడు.

"దింపండి. నన్ను మూట మాదిరి ఎత్తొద్దండి."

దింపాం. ఎదురింటి అతను చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. నాయన మాత్రం లోపలికి పోలేదు. కారు పట్టుకుని వెనక్కి తిరిగి, తన నడుము సీటుకు ఆనించి నిలబడ్డాడు. కుడిచేతి వేళ్ళు సీటు అంచుకూ తొడకూ మధ్య పెట్టి కొలిచాడు. చీర అంచు వెడల్పు ఆయన అలాగే కొలిచేవాడు, టేపు తెస్తే నవ్వేవాడు.

"మూడు వేళ్ళు దించు. ఎవురూ పట్టకుండా నేనే కూచుంటా."

టేపుతో చూస్తే ఆయన మూడు వేళ్ళు సరిగ్గా యాభై మిల్లీమీటర్లు. నేను చేయగలిగిన పనిని మా నాయన నన్ను అడగడం కూడా అదే మొదలు. నా సంతోషం చెప్పలేను.

బండిని దించమని నా షెడ్డుకు వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. చాలావరకు కుర్రాళ్ళు. రాయదుర్గం నుంచి కూడా వస్తారు. కటింగ్ మిషన్ పెట్టి స్ప్రింగులో ఒక చుట్టు కోసేయన్నా, అరగంట పని అంటారు. నేను వాళ్ళను గేటు దాకా తరిమిన రోజులున్నాయి. కోసిన స్ప్రింగు తన గూట్లో నిలవదు. బండి గుంతలో పడి లేచినప్పుడు జారి పక్కకు వస్తుంది, వచ్చాక ఏ చక్రం ఎటు పోతుందో దేవుడికి కూడా తెలియదు. అందుకని బెంగుళూరు నుంచి అసలైన సెట్టు తెప్పించాను. షాకబ్జారు ఒంటికి మర ఉంటుంది, ఆ మర మీద రెండు వలయాలు. కొక్కెం లాంటి స్పానరుతో కింది వలయం తిప్పితే స్ప్రింగు కూర్చునే ఎత్తు మారుతుంది, రెండో వలయం దాన్ని కదలకుండా అదిమి పడుతుంది. ఎంత ఎత్తు కావాలంటే అంత.

పని మొదలుపెట్టక ముందే కాగితాల కోసం తిరిగాను. కంపెనీ ఇచ్చిన బండి రూపాన్ని మన ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. నడవలేని మనిషి కోసమైతే ముందుగా దరఖాస్తు పెట్టి, అనుమతి తీసుకుని మార్చుకునే దారి ఉంది. నాయనకు వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది కాబట్టి అది జత చేశాను. ఇన్సూరెన్సు వాళ్ళకు రాతపూర్వకంగా తెలియజేశాను. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందరూ నన్ను చూసి నవ్వారు. మీటరు ఎత్తు లేపిన బండ్లు రోడ్డు మీద తిరుగుతుంటే, మూడు వేళ్ళ కోసం ఫైలు పట్టుకుని తిరుగుతావేమన్నా అని. నవ్వనీ అనుకున్నాను. మా నాయన కూర్చునే బండి, ఎవడైనా చెయ్యి చూపి ఆపితే ఆయన ముందు నేను తల దించుకోకూడదు.

అనుమతి వచ్చిన రోజు పొద్దున్నే పాత స్ప్రింగులు తీశాను. ఈ పనిలో నాకు భయమేసేది ఒక్కటే, నొక్కి పట్టిన స్ప్రింగు. రెండు పక్కలా మర బిగింపులు పెట్టి దాన్ని కుదించాలి. కుదించాక అది చేతిలో బొమ్మలా ఊరికే ఉంటుంది, కానీ బండి బరువంతా దానిలో దాక్కుని ఉంటుంది. నాకు పని నేర్పిన మేస్త్రీ ఒకరోజు ఎవరితోనో మాట్లాడుతూ ఒక బిగింపు సరిగా పడిందో లేదో చూడలేదు. అది జారింది. ఆయన దవడ పక్కకు పోయింది. బతికినన్నాళ్ళూ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచినా నాకు అర్థమయ్యేది కాదు. అందుకే ఆ స్ప్రింగు ఎదురుగా నేను తల పెట్టను, ఎవర్నీ పెట్టనివ్వను.

కొత్తవి ఎక్కించి, వలయాలు తిప్పి, నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచాను. సీట్లలో బియ్యం మూటలు పెట్టి, నాయన బరువూ నా బరువూ ఉన్నట్టు చేసి మళ్ళీ కొలిచాను. రబ్బరు బుష్షుల బోల్టులు చక్రాలు గాలిలో ఉన్నప్పుడు బిగిస్తే, బండి కిందికి దిగగానే రబ్బరు మెలిపడి నెల తిరక్కుండా చిరిగిపోతుంది. అందుకే బండిని నేల మీద నిలబెట్టి, కింద దూరి అప్పుడు బిగించాను. స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి టైరు ఎక్కడైనా ఒరుసుకుంటుందా అని చూశాను. బ్రేకు పైపు ఎక్కడా బిగుసుకోలేదు. అలైన్‌మెంట్ చేయించాను. బండి ముందు భాగం దిగింది కాబట్టి హెడ్‌లైట్ల చూపు కూడా సరిచేశాను. వలయాల మీద తెల్లరంగు గీత పెట్టాను, కదిలితే తెలిసేట్టు. వంద కిలోమీటర్లు ఒక్కణ్ణే తిప్పుకొచ్చి అన్నీ మళ్ళీ బిగించాను. అన్నీ చూశాను. ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది.

తనిఖీకి తీసుకుపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టరు వంగి కిందికి చూశాడు. నిదానస్తుడు, తొందరపడే రకం కాదు.

"బండి కడుపు నేలకు బాగా దగ్గరైంది. కింద తగలదా?"

"తగలదు సార్. నలుగుర్ని కూచోబెట్టి మా వీధిలో స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించి చూసినాను."

"ఈ ఎత్తు మార్చొద్దు. నీకు అనుమతి దీనికే."

సంతకం పెట్టాడు. నేలకూ బండి కడుపుకూ మధ్య ఎనిమిది వేళ్ళ జాగా మిగిలింది. స్పీడ్ బ్రేకరు దాటడానికి అది చాలు. నేను స్పీడ్ బ్రేకరు గురించే ఆలోచించాను.

ఆ సాయంత్రం నాయన వీధిలోకి వచ్చాడు. మూడు మెట్లకు బదులు నేను చెక్కలతో వేసిన వాలు మీద కర్ర పట్టుకుని దిగి, కారు దగ్గర వెనక్కి తిరిగి, మెల్లగా సీటు మీదికి ఒరిగాడు. కూర్చున్నాడు. కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో పట్టి లోపలికి తీసుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. వీధి చివర దాకా పోయి వచ్చాం. దిగేటప్పుడు నేనొక చెయ్యి, నా భార్య ఒక చెయ్యి అందించాం. ఆయన లేచి నిలబడి, బండి పైకప్పు మీద చేత్తో తట్టి, "పని నేర్చుకున్నావు" అన్నాడు. ముప్పై ఏళ్ళకు విన్నాను ఆ మాట.

చెల్లెలి ఇంట్లో బోరుకు పూజ పెట్టుకున్నారు. నా భార్య సాయానికని రెండు రోజుల ముందే బస్సులో వెళ్ళింది. ఆ రోజు పొద్దున నేనూ నాయనా బయలుదేరాం. ఆయన తెల్ల పంచె కట్టి, ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. చెల్లెలికి చీర, రవికె గుడ్డలు, పండ్లు, టెంకాయలు డిక్కీలో. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రోడ్డుకు రెండు పక్కలా దున్నకుండా వదిలేసిన చేలు, సర్కారు తుమ్మ, ఎక్కడా పచ్చటిది అన్న మాట లేదు. నాయన కిటికీ అద్దం పూర్తిగా దించుకుని, కనపడిన ప్రతి ఊరి పేరూ పైకి చెప్పుకుంటూ వస్తున్నాడు.

ఆ ఏడు వేరుశనగ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆఖరున పడిన ఒక్క వానకు అందరూ ఉలవలు చల్లారు. అందుకే ఆ రోజుల్లో రోడ్ల మీద అంతా ఉలవే. మా వైపు చాలామందికి కళ్ళాలు లేవు, తారు రోడ్డే కళ్ళం. ఎండిన ఉలవ చెట్లు మోకాలి ఎత్తు పరుస్తారు, పోయే బస్సులూ లారీలూ తొక్కితే గింజ రాలుతుంది. దానికొక మర్యాద కూడా ఉంది. రైతు చెయ్యి ఊపి రమ్మంటాడు, బండివాడు దాని మీదుగా పోవాలి. పక్కకు తప్పించుకుని పోయేవాణ్ణి కళ్ళు నెత్తికెక్కినవాడు అంటారు.

అలా పరిచిన మొదటి ఉలవ పరుపు కనపడగానే నేను స్టీరింగు పక్కకు తిప్పబోయాను.

"పక్కకు తిప్పుతావేమప్పా? దాని మీదనే పోనీ. వాళ్ళ పని అయితాది."

పోనిచ్చాను. కింద సరసరమని శబ్దం. స్పీడ్ బ్రేకరుకు చిన్నగా తగిలినా ఉలిక్కిపడే నేను, ఆ శబ్దాన్ని పట్టించుకోలేదు. అది గట్టిగా లేదు, మెత్తగా ఉంది. రోడ్డు పక్కన ముసలాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. నాయన కూడా చెయ్యెత్తాడు. అలా ఐదో ఆరో పరుపులు తొక్కాం. ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి ఊపారు, ప్రతిసారీ నాయన ఊపాడు. ఏడాదిన్నర తర్వాత లోకం ఆయన్ని పలకరిస్తోంది, ఆపమని నేనెలా అంటాను?

ముదిగుబ్బ ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా వాసన వచ్చింది. కమ్మటి వాసన.

"ఎవురో ఉలవలు ఏంచుతాండారు" అన్నాడు నాయన. గాలి పీల్చి, "ఇంటికి పోతానే మీ చెల్లెల్ని గుగ్గిళ్ళు చేయమనల్ల" అన్నాడు.

నాకూ ఆకలేసింది. నిజం చెబుతున్నాను, ఆ వాసనకు నాకు ఆకలేసింది.

ఎదురుగా మరో పరుపు. దాని పక్కన ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. మా బండి చూడగానే ఇద్దరూ రెండు చేతులూ ఎత్తి ఊపడం మొదలుపెట్టారు. ఆమె రోడ్డు మధ్యకు వచ్చింది. వచ్చి ఊపుతోంది. మిగతావాళ్ళకన్నా వీళ్ళకు తొందర ఎక్కువ ఉన్నట్టుందే అనుకున్నాను. నాయన కూడా నవ్వి చెయ్యి ఊపాడు. ఆమె పక్కకు దూకింది, నేను నేరుగా వాళ్ళ ఉలవల మీదికి ఎక్కించాను. అప్పుడు అద్దంలో చూశాను. మా వెనక రోడ్డు కనపడలేదు. అంతా పొగ.

వాళ్ళు రమ్మనడం లేదు. ఆపమంటున్నారు.

తొక్కిన అన్ని పరుపుల నుంచీ పోగైన ఉలవ చెత్త బండి కడుపు కింద ఇరుక్కుని, సైలెన్సరు పైపు చుట్టూ దిండులా అదిమి పట్టి, ఆ వేడికి అంటుకుంది. బండి పాత ఎత్తులోనే ఉంటే అందులో సగం కిందే రాలిపోయేది. మూడు వేళ్ళు. ఇంకా పెద్ద తప్పు తర్వాత చేశాను. చెత్త లేని చోటు దాకా నడిపించి ఆపాల్సింది. కాలు దానంతటదే బ్రేకు తొక్కింది. ఎండిన ఉలవ పరుపు మధ్యలో, కింద మంటతో బండి ఆగింది.

దూకి అటు పక్కకు పరిగెత్తి నాయన తలుపు లాగాను. బెల్టు విప్పాను. కాళ్ళు ఆయనే బయటికి తీసుకున్నాడు. రెండు చేతులూ సీటు మీద ఆనించి లేవబోయాడు. లేవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నడుము సీటు మీంచి అరంగుళం లేచి మళ్ళీ కూలబడింది.

"లేయలేనప్పా" అన్నాడు. అరవలేదు. వెలగని లైటు గురించి చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడు, కాళ్ళ కింద వేడి తగులుతున్నప్పుడు, నాకు మా ఇంటి మగ్గం గుర్తుకొచ్చింది. గుంటలోకి దిగడానికి ఆయనకు ఎప్పుడూ ఏ ఆసరా అవసరం లేదు. లేవడానికే పైన దూలానికి ఒక తాడు కట్టుకున్నాడు, దాన్ని పట్టుకుని పైకి వచ్చేవాడు. పుట్టినప్పటినుంచి చూసిన తాడు అది. చిన్నప్పుడు దానికి వేలాడి దెబ్బలు కూడా తిన్నాను. లోతుకు దిగడం తేలిక, పైకి రావడమే కష్టం అని ఆ ఇంట్లో పుట్టిన ఎవడికైనా తెలియాలి. నేను మాత్రం ఎక్కడం ఒక్కటే కొలిచాను. దిగడం కొలవలేదు. సీటు మూడు వేళ్ళు కిందికి దించి, ఆయన్ని మళ్ళీ గుంటలో కూర్చోబెట్టాను. ఈసారి తాడు లేకుండా.

చంకల కింద చేతులు వేసి లాగాను. నా చేతిలో ఆయన భుజం కటుక్కుమంది. ఆయన పళ్ళు బిగించాడు గాని కేక వేయలేదు. నా ఒక్కడి బలం చాలలేదు, నా చెప్పుల అడుగులు వేడికి మెత్తబడి జారుతున్నాయి. అంతలో ఆ ఆడమనిషి చెత్తలోంచి వచ్చి, ఏమీ అడక్కుండా ఆయన రెండు మోకాళ్ళ కింద చెయ్యి వేసింది. "లేపన్నా" అంది. ఇద్దరం లేపాం. మూట మాదిరే ఎత్తాం. రోడ్డు దింపి, తుమ్మ చెట్టు నీడకు చేర్చాం. ఆమె భర్త పంగ కర్రతో బండి చుట్టూ చెత్తను దూరంగా ఈడ్చిపారేస్తున్నాడు. మంటలార్పే సిలిండరు డిక్కీలో ఉంది, పండ్ల బుట్ట కింద. ఎప్పుడూ చేతికందేలా పెట్టాలని అందరికీ చెప్పే మనిషిని నేను. బుట్ట విసిరేసి దాన్ని తీశాను. మొత్తం ఖాళీ అయ్యేదాకా బండి కిందికి కొట్టాను.

కారు పూర్తిగా పోలేదు. వైర్లు, కింద ప్లాస్టిక్ రేకులు, ఒక వెనక టైరు పోయాయి. వాళ్ళ ఉలవలు మాత్రం సగానికి పైగా బూడిదయ్యాయి. ఆ ఏడు వాళ్ళకు మిగిలిన పంట అదొక్కటే. నేను ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"పెద్దాయన పానం పోలేదు. చాలులేన్నా" అంది. ఆమె కళ్ళు మాత్రం బూడిద మీదే ఉన్నాయి.

నాయన చెట్టుకు ఆనుకుని, పడిపోయిన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. పంచె అంచు కాలింది. నేను దగ్గరికి పోగానే అడిగాడు.

"బండి కాలిపాయనా?"

"లేదు నాయనా. ఆరింది."

"అయితే ఏదన్నా ఆటో పిలువు. పూజకు ఇంకా టైముండాది."

నేను ఆయన్ని అంబులెన్సులో వెనక్కి, ఆసుపత్రికి తీసుకుపోయాను. దారి పొడుగునా ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నాడు. చెల్లెలు ఫోను చేస్తే నా భార్యకు ఇమ్మని, జరిగింది ఆమెకు చెప్పి పెట్టేశాను.

భుజం నెలన్నరకు కుదురుకుంది. ఈ లోపల కారు బాగు చేశాను. మళ్ళీ అనుమతికి పెట్టుకుని, ఎత్తు పాత కొలతకే తెచ్చాను. ఎత్తు పెంచాక, కూర్చునే చోటే తలుపు వైపు తిరిగి బయటికి వచ్చి కిందికి దిగే సీటు ఒకటి పెట్టించాను. దాంతో ఎక్కడానికి ఒంగనక్కర్లేదు, లేవడానికి అదే పైకి లేపుతుంది. సైలెన్సరు కింద రేకు కవచం వేశాను. తలుపు పైన గట్టి పట్టీ కట్టాను. సిలిండరు నా కాళ్ళ దగ్గరే బిగించాను. నా మోకాళ్ళకు గుడ్డతో కర్రలు కట్టుకుని, నాయన ఎలా కూర్చుంటాడో అలా కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా ఇరవై సార్లు లేచి చూశాను. ఈసారి ఏ తప్పూ లేదు. ఇన్‌స్పెక్టరు సంతకం కూడా అయింది.

అయి మూడు నెలలు దాటింది. నాయనకు మాత్రం సీటు ఇంకా బెంగుళూరు నుంచి రాలేదని చెప్పి, కారు షెడ్డులోనే ఉంచాను.

మొదట్లో ఆయన రోజూ అడిగేవాడు. నేను రోజూ ఒక కారణం చెప్పేవాణ్ణి. పార్సిలు అన్నాను, తప్పు సైజు వచ్చింది అన్నాను. అబద్ధం చెప్పడం నాకు బాగా వచ్చేసింది. కళ్ళు మూసుకుంటే చాలు, ఆయన రెండు చేతులూ ఆనించి లేవబోవడం కనపడుతుంది. కంపెనీ నుంచి కొత్తగా వచ్చిన బండి చూసినా దాని కడుపు కింద మంట కనపడుతుంది. పనిలోకి రోజూ పోతున్నాను. నాయన్ని తప్ప ఎవర్నయినా బండిలో ఎక్కించుకుంటాను.

ఎండలు ముదిరాయి. పోయిన వారం ఎదురింటి అతను షెడ్డుకు వచ్చి, కొత్త సీటులో తనే ఒకసారి కూర్చుని చూసి పోయాడు. ఇంటికి పోయి చెప్పాడు. ఆ సాయంత్రం నేను చేతులు కడుక్కుంటుంటే నాయన గోడ పట్టుకుని వెనకే వచ్చి నిలబడ్డాడు.

"సీటు బాగుండాదంట కదప్పా."

నేను సబ్బు నురగ చూసుకుంటూ నిలబడ్డాను.

"నాకు కాళ్ళు పాయె. నీకు ధైర్నం పాయె" అన్నాడు. కోపంగా అనలేదు. "సరేలే. ఇద్దరం ఈడనే ఉందాం."

ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. మంట కన్నా ఇదే నాకు ఎక్కువ భయంగా ఉంది.

నిన్న చెల్లెలు ఫోను చేసింది. స్పీకరు పెట్టి మాట్లాడుతున్నాడు నాయన. నేను పక్కనే అన్నం తింటున్నాను. బోరు ఆగి ఆగి పోస్తోందట. కాసేపు నీళ్ళు, కాసేపు గాలి. చుట్టుపక్కల ఇంకా మూడు బోర్లు వేశారట, ఇంకో నెల ఉంటుందో లేదో అంది.

"ఎప్పుడొస్తావు నాయనా? ఉండంగానే వచ్చి చూడు."

నాయన నా వైపు చూడలేదు.

"మీ అన్నకు పని ఎక్కువుండాదమ్మా. బండ్లన్నీ వాని మీదనే పడినాయి. తీరిక దొరకంగానే తోలుకొస్తాడులే."

నా కోసం మా నాయన అబద్ధం చెప్పడం నేను ఏనాడూ వినలేదు. దాచేదేమీ మిగల్లేదు కాబట్టి కారు ఇప్పుడు వాకిట్లోనే ఉంది, తాళం నా జేబులోనే ఉంది. ఆయన ఫోను పెట్టేసి, నా కంచంలోకి చూసి, ఇంకొంచెం పెట్టించుకోమన్నాడు. నేను తల దించుకుని తింటూ కూర్చున్నాను. లేవలేదు.